‘నానో చెక్’ వ్యాసమూ, మా అక్క అడిగిన ప్రశ్నా

ఎడిటర్ గారికి,

నమస్కారం. పోయిన ఆదివారం మీ ఆరోగ్యం పేజీలో ‘ముసలితనానికి నానో చెక్’ అని వచ్చిన వ్యాసం గురించి రాస్తున్నాను. మన ఒంట్లోని యాంటీ ఆక్సిడెంట్ ఎంజైమ్‌ల (కణాలకు హాని చేసే దుడుకు అణువులను సర్దే ప్రొటీన్ల) పనిని, కంటికి కనపడనంత చిన్న నానో కణాలు చేసి ముసలితనాన్ని ఆపుతాయని అందులో రాశారు. ఆ రోజు నేను పేపరు చూడలేదు. మా అక్క ఫొటో తీసి వాట్సాప్‌లో పంపింది. కింద ఒక్క లైను: “ఏమే, ఇది అప్పుడే ఉండుంటే నాకు ఆ నోటి పుండ్లు తప్పేవా?”

అక్కకు అయిదేళ్ల కిందట గొంతు క్యాన్సర్ వచ్చింది. 33 సిట్టింగులు రేడియేషన్ ఇచ్చారు. మూడో వారం నుంచి నోరంతా పుండ్లు. గుక్కెడు నీళ్లు మింగడానికి పది నిమిషాలు పట్టేది, ఆ పది నిమిషాలూ కళ్లు కారుతూనే ఉండేవి. ఇప్పుడు బాగానే ఉంది, నాతో పోట్లాడే ఓపిక కూడా వచ్చింది. కానీ అంత పడ్డ మనిషి అడిగిన ప్రశ్నకు అవుననో కాదనో ఒక్క ముక్కలో జవాబు చెప్పలేకపోయాను. మీ వ్యాసం చదివినవాళ్లు మాత్రం అవుననే అనుకుంటారు. “త్వరలో మాత్రల రూపంలో” అని చివర్లో ఉంది మరి.

నేను డాక్టర్ని కాదు, సైంటిస్టునీ కాదు. బయోకెమిస్ట్రీ ల్యాబులో టెక్నీషియన్‌గా 31 ఏళ్లు చేసి రిటైరయ్యాను. ద్రావణాలు కలపడం, రీడింగులు తీయడం, గాజు సామాను కడగడం నా ఉద్యోగం. మీరు రాసిన ఎంజైమ్‌లతోనే దాదాపు సగం సర్వీసు గడిచింది. ఆ చనువుతో రాస్తున్నాను, ఉత్తరం కొంచెం పొడుగైతే క్షమించాలి.

ముందు ఒక మంచి మాట. శరీరానికి సొంత యాంటీ ఆక్సిడెంట్ ఎంజైమ్‌లు ఉన్నాయనీ, వాటిని అనుకరించే పదార్థాలను ల్యాబుల్లో తయారు చేస్తున్నారనీ రాశారు. అది నిజం. సాధారణంగా ఈ పేజీల్లో యాంటీ ఆక్సిడెంట్ అంటే విటమిన్ల పేర్లు తప్ప ఇంకోటి కనపడదు. మీరు ఎంజైమ్ అనే మాట వాడినందుకే సంతోషం వేసింది.

ఆ ఎంజైమ్ పని చూడాలంటే ల్యాబుకు పోనక్కర్లేదు. గాయం మీద హైడ్రోజన్ పెరాక్సైడ్ పోస్తే బుసబుసమని నురగ వస్తుంది చూడండి, ఆ నురగ తెప్పించేది మన రక్తమే. అందులోని క్యాటలేజ్ అనే ఎంజైమ్ పెరాక్సైడ్‌ను నీళ్లుగా, ఆక్సిజన్‌గా విడగొడుతుంది. ఒక్క అణువు సెకనుకు లక్షల సంఖ్యలో పెరాక్సైడ్ అణువుల పని పడుతుంది. 1946లో జపాన్‌లో తకహారా అనే చెవి ముక్కు గొంతు డాక్టరు ఒక పదకొండేళ్ల పాపకు నోటిలో ఆపరేషన్ చేసి, శుభ్రం చేద్దామని పెరాక్సైడ్ పోశాడు. నురగ రాలేదు, రక్తం నల్లగా మారిపోయింది. సీసా మారిందేమో అని మొదట కంగారు పడ్డాడట. సీసా సరైనదే. ఆ పాప రక్తంలో క్యాటలేజ్ లేదు. పుట్టుకతోనే ఈ ఎంజైమ్ లేనివాళ్లు ఉంటారని లోకానికి తెలిసింది అలాగే. ప్రతి ఏడూ కొత్త బ్యాచ్ పిల్లలకు నేను ఈ కథ చెప్పేదాన్ని. చెప్పాక ల్యాబులో ఎవరికైనా వేలు కోసుకుంటే పెరాక్సైడ్ సీసా కోసం పరుగెత్తేవాళ్లు, నురగ వస్తుందో లేదో చూసుకుందామని.

ఇక అభ్యంతరాలు. ఫ్రీ రాడికల్స్ (జత లేని ఎలక్ట్రాన్‌తో దుడుకుగా ఉండే అణువులు) అనే ‘విషాన్ని’ ఈ నానో కణాలు ‘మింగేస్తాయి’ అని రాశారు. ఎంజైమ్‌లు మింగవు, ఒకదాన్ని ఇంకొకటిగా మారుస్తాయి. ఆ ఇంకొకటి ఏమిటన్నదే అసలు సంగతి. సూపర్ ఆక్సైడ్ డిస్మ్యూటేజ్, పొట్టిగా ఎస్.ఓ.డి., రెండు సూపర్ ఆక్సైడ్‌లను (ఎలక్ట్రాన్ ఒకటి ఎక్కువైన ఆక్సిజన్, ఫ్రీ రాడికల్స్‌లో ఒకటి) తీసుకుని ఒక ఆక్సిజన్, ఒక హైడ్రోజన్ పెరాక్సైడ్ తయారు చేస్తుంది. అంటే ‘యాంటీ ఆక్సిడెంట్’ అని మనం పిలుస్తున్న ఈ ఎంజైమ్ చేతినుంచి బయటికొచ్చేది ఇంకో ఆక్సిడెంటే, అంటే పక్కవాటి ఎలక్ట్రాన్లు లాక్కునేదే. దాని సంగతి క్యాటలేజ్, పెరాక్సైడ్‌ను నీళ్లు చేసే ఇంకో ఎంజైమ్ గ్లుటాథయోన్ పెరాక్సిడేజ్ చూసుకోవాలి. ముగ్గురూ వరసలో నిలబడి ఇటుకలు అందించుకునే పని ఇది. మొదటివాడి వేగం పెంచి మిగతా ఇద్దరినీ అలాగే వదిలేస్తే ఇటుకలు మధ్యలో గుట్ట పడతాయి.

పైగా ఆ పెరాక్సైడ్ అంతా చెత్త కాదు. కణాలు తమలో తాము కబురు పంపుకోవడానికి దాన్ని కొద్ది కొద్దిగా వాడుకుంటాయి. తెల్ల రక్తకణాలైతే బ్యాక్టీరియాను చంపడానికి సూపర్ ఆక్సైడ్‌ను పనిగట్టుకుని తయారు చేస్తాయి. అది చేయలేని జబ్బుతో పుట్టిన పిల్లలకు ఇన్ఫెక్షన్లు వదలవు. మీ వ్యాసం బొమ్మలో ఇంటిదొంగలా చూపించి కత్తులు పొడిచేంత నేరం ఆ అణువు చేయలేదు.

ఎస్.ఓ.డి. కథ కూడా కుతూహలంగా ఉంటుంది. రాగి ఉన్న ఆ నీలిపచ్చ ప్రొటీన్‌ను ఎద్దు రక్తం నుంచి 1938లోనే వేరు చేశారు. అది చేసే పనేమిటో తెలియడానికి మాత్రం 1969 దాకా ఆగాల్సి వచ్చింది. అమెరికాలో డ్యూక్ యూనివర్సిటీలో ఫ్రిడొవిచ్, ఆయన విద్యార్థి మెకార్డ్ కనిపెట్టారు. ముప్ఫై ఏళ్లు సీసాలో ఉన్న ప్రొటీన్‌కి అప్పుడు ఉద్యోగం దొరికింది.

తర్వాత మీ వ్యాసం పక్కన రంగు బాక్సులో వేసిన విటమిన్ల జాబితా. అక్కడ నాకు నిజంగా కోపం వచ్చింది. విటమిన్ సి, ఇ, బీటా కెరొటిన్‌లను ఈ ఎంజైమ్ నకళ్లతో ఒకే వరసలో పెట్టారు. రెండూ ఒకటి కావు. విటమిన్ చెమ్మ పీల్చే గుడ్డ లాంటిది. తడిసిందంటే మళ్లీ ఎవరైనా పిండాలి. ఎంజైమ్ తూము లాంటిది, తెరిచి ఉన్నంతసేపు పారుతూనే ఉంటుంది. దాన్ని అనుకరించే పదార్థం కూడా, నిజంగా అనుకరిస్తే, పని అయ్యాక మొదటి రూపానికి వచ్చేసి మళ్లీ మొదలుపెడుతుంది. ఈ ఒక్క తేడా కోసమే యాభై ఏళ్లుగా కెమిస్టులు తంటాలు పడుతున్నారు.

విటమిన్ మాత్రలు మనుషుల మీద ఏం చేశాయో కూడా ఆ బాక్సులో లేదు. ఫిన్లాండ్‌లో 29 వేల మందికి పైగా పొగతాగే మగవాళ్లకు ఏళ్ల తరబడి ఇచ్చి చూశారు. 1994లో ఫలితాలు వచ్చాయి. బీటా కెరొటిన్ వేసుకున్నవాళ్లలో ఊపిరితిత్తుల క్యాన్సర్ 18 శాతం ఎక్కువ. అమెరికాలో అలాంటిదే ఇంకో ట్రయల్‌ను 1996లో మధ్యలోనే ఆపేశారు, అక్కడ 28 శాతం ఎక్కువ. మా అక్కకు దగ్గరి సంగతి ఇంకోటి ఉంది. తల, మెడ క్యాన్సర్‌కు రేడియేషన్ తీసుకుంటున్న 540 మందికి కెనడాలో విటమిన్ ఇ ఇచ్చి చూశారు, మొదట్లో బీటా కెరొటిన్ కూడా కలిపి. 2005లో వచ్చిన రిపోర్టు ప్రకారం రెండూ కలిపి ఇచ్చినప్పుడు పుండ్ల లాంటి బాధలు కొంత తగ్గాయి, కానీ క్యాన్సర్ తిరగబెట్టే సూచనలు కనిపించాయి. మందు మంచి కణాన్నీ కాపాడింది, చెడ్డ కణాన్నీ కాపాడిందేమోనన్న అనుమానం అక్కడ పుట్టింది.

ఎందుకు చెబుతున్నానంటే, అక్కకు రేడియేషన్ జరుగుతున్నప్పుడు దగ్గరి బంధువొకరు ప్రేమగా యాంటీ ఆక్సిడెంట్ క్యాప్సూల్స్ తెచ్చిచ్చారు. పది రోజులు వేసుకుంది. నాకూ చెప్పలేదు. ఒకరోజు డాక్టరు మాటల్లో అడిగితే నోరు జారింది. ఆయన పెన్ను పక్కన పెట్టి, “అమ్మా, ఇవాళ్టి నుంచి అవి ఆపేయండి” అన్నారు, అంతే. తిరుగు ప్రయాణంలో అక్క మాట్లాడలేదు. మాట్లాడితే పుండ్లు నొప్పి అనుకున్నాను, కాదు, భయం. ఆ డబ్బా మీద రాసి ఉన్న మాటలూ మీ బాక్సులో ఉన్న మాటలూ ఇంచుమించు ఒకటే సార్.

సరే, అసలు నకళ్లు ఎందుకు కావాలి, ఎంజైమ్‌నే ఇవ్వొచ్చు కదా అని ఎవరైనా అడుగుతారు. ఇచ్చి చూశారు. ఆవు, ఎద్దు కాలేయం నుంచి తీసిన ఎస్.ఓ.డి.ని ఆర్గోటీన్ అనే పేరుతో కీళ్ల వాపులకు ఇంజెక్షన్‌గా వాడారు. పశువైద్యంలోనూ వాడారు. పరాయి ప్రొటీన్ కావడంతో కొందరికి అలెర్జీలు వచ్చాయి, మార్కెట్ నుంచి పోయింది. నోటితో వేసుకుంటే అన్ని ప్రొటీన్లలాగే అరిగిపోతుంది. రక్తంలోకి ఎక్కిస్తే కిడ్నీలు కొన్ని నిమిషాల్లోనే బయటికి పంపించేస్తాయి. కణం లోపలికి వెళ్లడానికి మరీ పెద్దది.

అందుకని ఎంజైమ్ నడుమ ఉన్న లోహాన్ని మాత్రం పట్టుకుని, దాని చుట్టూ చిన్న పంజరం కట్టడం మొదలుపెట్టారు. మాంగనీస్ ఈ పనికి బాగా కుదిరింది. అది ఒక సూపర్ ఆక్సైడ్ దగ్గర ఎలక్ట్రాన్ తీసుకుని ఇంకోదానికి ఇచ్చేస్తుంది, రెండు మెట్ల మధ్య ఎక్కుతూ దిగుతూ ఉంటుంది. అసలు ఎంజైమ్‌కు ఇంకో సొగసు ఉంది: రుణావేశం ఉన్న సూపర్ ఆక్సైడ్‌ను లోపలికి లాగే ధనావేశపు దారి. చిన్న పంజరానికి అంత దారి కట్టడం కష్టం. గ్లుటాథయోన్ పెరాక్సిడేజ్‌లో ఉండేది సెలీనియం. దాన్ని అనుకరించే ఎబ్‌సెలెన్ అనే చిన్న అణువు 1980ల నుంచి వార్తల్లో ఉంది. పక్షవాతం మీద జపాన్‌లో పరీక్షించారు, మందుగా అనుమతి రాలేదు. 2017లో యువకులకు పెద్ద సౌండుతో పాటలు వినిపించి, వినికిడి తగ్గకుండా అది ఆపుతుందా అని చూశారు, ఒక మోతాదులో కొంత మేలు కనిపించింది. ఇంకా మాత్రగా మందుల షాపుకు రాలేదు.

ముసలితనం సంగతికొస్తే, మీ హెడ్డింగుకు మూలం బహుశా ఒక పురుగు. 2000లో మాంగనీస్ నకళ్లు ఇచ్చిన సన్నటి మట్టి పురుగుల సగటు ఆయుష్షు 44 శాతం పెరిగిందని సైన్స్ పత్రికలో వచ్చింది. నాకు గుర్తుంది, మా ల్యాబులో ఆ కాగితం చేతులు మారీ మారీ నలిగిపోయింది. మూడేళ్ల తర్వాత ఇంకో ల్యాబువాళ్లు చేస్తే ఆయుష్షు పెరగలేదు, మోతాదు పెంచితే తగ్గింది. ఆ రెండో కాగితం మా ల్యాబులో ఎవరూ నలపలేదు. పురుగులను ఎందులో పెంచారు, ఎంత ఇచ్చారు అన్నదాన్ని బట్టి ఫలితం మారుతోంది. పురుగుకే పేచీ తెగనప్పుడు మనిషి ఫొటో వేసి పక్కన నెరిసిన జుట్టు నల్లబడినట్టు బొమ్మ గీయడం ఎంతవరకు సబబు?

ఇప్పుడు నానో. దీని గురించి చెప్పాలంటే నాకు ఉత్సాహం ఆగదు, ఎందుకంటే ఇది నిజంగానే వింత. 2007 దాకా ఐరన్ ఆక్సైడ్ అయస్కాంత కణాలను అందరూ ఊరికే మోసుకెళ్లే కూలీలనుకున్నారు. అణువులను అతికించుకుని, అయస్కాంతంతో ఇటు లాగడానికి వాడేవాళ్లు. చైనాలో యాన్ షియున్ బృందం వాటిలో పెరాక్సైడ్, రంగు మారే ద్రావణం కలిపి చూస్తే, మామూలుగా పెరాక్సిడేజ్ అనే ఎంజైమ్ ఉంటే వచ్చే నీలం, ఎంజైమ్ ఏదీ లేకుండానే తేలింది. కూలీ అనుకున్నవాడు వంట కూడా చేస్తున్నాడన్నమాట. ఇలా ఎంజైమ్‌లా పనిచేసే నానో కణాలకు నానోజైమ్ అనే మాట అంతకు మూడేళ్ల ముందే ఇటలీ కెమిస్టులు బంగారు కణాల విషయంలో వాడారు, కానీ ఆ మాటకు గిరాకీ వచ్చింది 2007 తర్వాతే.

సీరియం ఆక్సైడ్ ఇంకా ముచ్చటైనది. కార్ల పొగగొట్టంలో పొగను శుభ్రం చేసే డబ్బాలో ఉండేది అదే. ఆక్సిజన్‌ను దాచుకుని అవసరమైనప్పుడు వదలడం దాని గుణం. అదే పదార్థాన్ని కొన్ని నానోమీటర్ల సైజుకు నూరితే, సీరియం ఒక ఎలక్ట్రాన్ పుచ్చుకుంటూ ఇచ్చేస్తూ 3+, 4+ అనే రెండు స్థితుల మధ్య ఊగుతూ ఎస్.ఓ.డి. పని చేస్తుంది. అమెరికాలో సుదీప్త సీల్, ఆయన తోటివారు ఈ దారిలో చాలా చేశారు. 2006లో ఎలుకల కళ్లలోకి ఎక్కించి, తీవ్రమైన వెలుతురు నుంచి రెటీనాను కాపాడినట్టు చూపించారు. 3+ ఎక్కువుంటే ఎస్.ఓ.డి. గుణం, 4+ ఎక్కువుంటే క్యాటలేజ్ గుణం కనిపిస్తాయి. ఒకే పొడి, తయారీలో చిన్న తేడా, వేరే ఉద్యోగం.

మీ వ్యాసంలో మన దేశం పేరు ఎందుకు రాలేదో నాకు అర్థం కాలేదు. బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో గోవిందసామి ముగేశ్ బృందం 2014లో వనేడియం పెంటాక్సైడ్ నానో తీగలు గ్లుటాథయోన్ పెరాక్సిడేజ్‌లా పనిచేస్తాయని చూపించింది. సల్ఫ్యూరిక్ ఆమ్లం తయారీలో ఉత్ప్రేరకంగా కెమిస్ట్రీ పుస్తకంలో బట్టీపట్టిన పదార్థమే అది. మామూలు రూపంలో ఒంటికి మంచిది కాదు. తీగ రూపంలో మాత్రం, కణంలో అప్పటికే ఉన్న గ్లుటాథయోన్‌ను వాడుకుని పెరాక్సైడ్ పని పట్టింది. తర్వాత 2017లో పువ్వు ఆకారంలో ఉండే మాంగనీస్ ఆక్సైడ్ కణాలు మూడు ఎంజైమ్‌ల పనీ ఒక్కటే చేస్తాయని, పార్కిన్‌సన్స్ జబ్బును పోలిన పరిస్థితి కల్పించిన మానవ కణాల్లో చూపించారు. నేను చెప్పిన ఇటుకల వరస గుర్తుందా, ముగ్గురి పనీ ఒకడే చేయడం అంటే ఇదే. అయితే అది గిన్నెలో పెంచిన కణాలలో. ‘కణాలలో’ అన్న ఒక్క మాట మీ వ్యాసంలో ఉండి ఉంటే ఈ ఉత్తరం సగానికి తగ్గేది.

ఈ పొడుల్లో ఇంకో మెలిక ఉంది. ఐరన్ ఆక్సైడ్ కణం ఆమ్లత్వం ఉన్నచోట పెరాక్సిడేజ్‌లా ప్రవర్తించి, పెరాక్సైడ్ నుంచి హైడ్రాక్సిల్ రాడికల్ అనే అన్నిటికంటే దుడుకైన రాడికల్‌ను పుట్టిస్తుంది. తటస్థంగా ఉన్నచోట బుద్ధిగా క్యాటలేజ్‌లా పెరాక్సైడ్‌ను నీళ్లు చేస్తుంది. మన కణం లోపల రెండు రకాల గదులూ ఉన్నాయి. కణం మింగినదాన్ని అరిగించే లైసోజోమ్ అనే సంచి ఆమ్లంగా ఉంటుంది. అంటే యాంటీ ఆక్సిడెంట్ అని పంపిన పొడి తప్పు గదిలో కూర్చుంటే నిప్పు పెడుతుంది. ఆ గుణాన్నే క్యాన్సర్ కణాలను చంపడానికి వాడాలని ఇంకొందరు చూస్తున్నారు, అది వేరే కథ. రక్తంలోకి వెళ్లగానే ప్రొటీన్లు ఈ నానో కణాల మీద పొరలా పేరుకుంటాయి, ఆ తర్వాత కాలేయం, ప్లీహం వాటిని పట్టుకుంటాయి. ఎలుకల్లో సీరియం ఆక్సైడ్ నెలల తరబడి అక్కడే ఉండిపోయింది. మాత్ర ఆపేస్తే మందు ఆగుతుంది. ఇది అలా ఆగదు.

ఇక్కడ నా స్వానుభవం ఒకటి చెప్పాలి. రిటైరవడానికి కొన్నేళ్ల ముందు, పీహెచ్‌డీ చేస్తున్న ఒక అబ్బాయి గోధుమరంగు ఆక్సైడ్ పొడి తయారు చేశాడు. ఎస్.ఓ.డి.లా పనిచేస్తుందేమో చూడాలి. దానికి పాత పరీక్ష ఒకటి ఉంది. రైబోఫ్లేవిన్ మీద వెలుతురు పడితే సూపర్ ఆక్సైడ్ పుడుతుంది. పక్కనే ఎన్.బి.టి. అనే లేత పసుపు పదార్థం ఉంటే, సూపర్ ఆక్సైడ్ దాన్ని సిరా నీలంగా మారుస్తుంది. ఎస్.ఓ.డి. ఉంటే సూపర్ ఆక్సైడ్‌ను ముందే లాగేసుకుంటుంది, నీలం రాదు. రంగు ఎంత తగ్గితే ఎంజైమ్ అంత ఉన్నట్టు. ట్యూబులైట్ కింద అల్యూమినియం రేకు చుట్టిన అట్టపెట్టె, అందులో వరసగా ట్యూబులు, మా పరికరం అంతే.

పది నిమిషాలకు తెరిచి చూస్తే, ఏమీ కలపని ట్యూబు నల్లటి నీలం. ఎస్.ఓ.డి. కలిపింది పసుపు. అతని పొడి కలిపింది, సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి పొడి అడుక్కి దిగాక పైన తేటను క్యూవెట్ అనే చిన్న గాజు డబ్బాలో పోస్తే, దాదాపు పసుపే. రంగు కొలిచే మిషన్‌లో 560 నానోమీటర్ల దగ్గర రీడింగ్ కూడా అదే చెప్పింది. ఇంకో పరీక్ష కూడా చేశాం. ఎస్.ఓ.డి. మొండి ఎంజైమ్, వేడికి తొందరగా లొంగదు, చాలాసేపు మరిగిస్తే గానీ చావదు. అలా మరిగించాక ఎంజైమ్ ట్యూబు నీలమైంది. పొడిని మరిగించినా దాని పని అలాగే ఉంది. ఆ అబ్బాయి అప్పటికే ఇంటికి ఫోన్ చేసేశాడు. గైడు గారు మిఠాయి మాట ఎత్తారు.

సాయంత్రం ట్యూబులు కడుగుతున్నాను. పొడి ఉన్న ట్యూబు అడుగున నీలం. బ్రష్షు పెట్టి రుద్దితే పోలేదు. గోధుమరంగు పొడి ఉండాల్సిన చోట నీలం ఎందుకుంది? కాసేపు చేతులు తడిగానే నిలబడి చూశాను. అప్పుడు తట్టింది. రంగు పుట్టకపోవడం కాదు, పుట్టిన రంగు పొడికి అంటుకుని అడుక్కి దిగిపోయింది. మనం పైన తేట మాత్రమే చూసి, రంగు లేదనుకున్నాం.

మర్నాడు ఒక్క పని చేశాం. ముందు నీలం పూర్తిగా రానిచ్చి, పెట్టె చీకటి చేసి, అప్పుడు పొడి కలిపి తిప్పాం. ఆ దశలో ఎంజైమ్ పని ఏమీ మిగిలి ఉండదు. అయినా పైన తేట పసుపైంది, అడుగు నీలమైంది. ఆ అబ్బాయి ట్యూబు పైకెత్తి వెలుతురులో పెట్టి చూస్తూ, “మేడమ్, నాలుగు నెలలు” అన్నాడు. ఇంకేమీ అనలేదు. తర్వాత సైటోక్రోమ్ సి అనే ఇంకో ప్రొటీన్ పెట్టి వేరే పద్ధతిలో చూస్తే, పొడికి కొంత గుణం ఉన్న మాట నిజమే, కానీ మొదట అనుకున్నదాంట్లో చాలా చిన్న భాగం. నిజాయితీగా ఆ చిన్న అంకెనే థీసిస్‌లో రాశాడు. మిఠాయి ఆ చిన్న అంకెకే పంచారు.

అంత గుణం ఉన్న పొడులు లేవని నేననడం లేదు. పైన చెప్పినవాళ్లు ఒకటికి నాలుగు పద్ధతుల్లో చూసుకున్నాకే రాశారు. ట్యూబులో రంగు మారడానికీ మనిషి ఒంట్లో జబ్బు తగ్గడానికీ మధ్య ఎన్ని చోట్ల నీలం అడుక్కి దిగిపోవచ్చో నా కళ్లతో చూశాను కాబట్టి చెబుతున్నాను.

ఇప్పుడు అక్క ప్రశ్న. దీనికి మీ వ్యాసంలో జవాబు లేదు గానీ, బయట ఉంది. ఎస్.ఓ.డి.ని అనుకరించే మాంగనీస్ మందు ఒకటి, అవాసోపాసెమ్ అని పేరు, అచ్చంగా అక్కకు వచ్చిన పుండ్ల కోసమే పరీక్షించారు. తల, మెడ క్యాన్సర్‌కు రేడియేషన్ తీసుకుంటున్న 455 మంది మీద పెద్ద ట్రయల్ జరిగింది. తీవ్రమైన పుండ్లు ఉత్తి సెలైన్ లాంటిది ఎక్కించినవాళ్లలో 64 శాతానికి వస్తే, మందు ఎక్కించినవాళ్లలో 54 శాతానికి వచ్చాయి. తీవ్రమైన పుండ్లు ఉన్న రోజులు మధ్యస్థంగా 18 నుంచి 8కి తగ్గాయి. అది మాత్ర కాదు. ప్రతి రేడియేషన్ సిట్టింగుకూ ముందు గంటసేపు నరంలోకి ఎక్కించాలి.

రేడియేషన్ పడగానే మంచి కణంలో సూపర్ ఆక్సైడ్ ఎగదన్నుతుంది, దాన్ని ఇది పెరాక్సైడ్ చేస్తుంది, మంచి కణం ఆ పెరాక్సైడ్‌ను క్యాటలేజ్‌తో వదిలించుకుంటుంది. క్యాన్సర్ కణానికి పెరాక్సైడ్‌ను వదిలించుకునే శక్తి తక్కువ కాబట్టి దానికి మేలు జరగదని తయారు చేసినవాళ్ల ఆలోచన. విటమిన్ ఇ దగ్గర పుట్టిన అనుమానానికి ఇది జవాబు. ఎస్.ఓ.డి. బయటికి వదిలేది ఇంకో ఆక్సిడెంటే అని నేను ఇందాక పట్టుబట్టింది అందుకే. ఆ లోపం అనుకున్నదే ఇక్కడ ఉపాయమైంది.

అయినా 2023 ఆగస్టులో అమెరికాలో మందులకు అనుమతి ఇచ్చే సంస్థ ఎఫ్‌డీఏ దానికి అనుమతి ఇవ్వలేదు. ఫలితాలు అంత గట్టిగా లేవు, ఇంకో ట్రయల్ చేసి రమ్మంది. కీమో వల్ల వచ్చే నరాల తిమ్మిరి కోసం పరీక్షించిన ఇంకో మాంగనీస్ మందు కూడా పెద్ద ట్రయల్స్‌లో నెగ్గలేదు. పదార్థం ట్యూబులో పనిచేసింది, ఎలుకలో పనిచేసింది, మనుషుల్లో కూడా కొంత పనిచేసినట్టే ఉంది, అయినా గుమ్మం దగ్గర ఆగింది. “త్వరలో” అన్న మాట రాసే ముందు ఆ గుమ్మం సంగతి మీ రచయితకు తెలియాలి కదా.

నేను అడిగేది పెద్దదేమీ కాదు. ఇలాంటి వార్త వేసినప్పుడు, పరీక్ష ట్యూబులో జరిగిందా, గిన్నెలోని కణాల్లోనా, జంతువులోనా, మనుషుల్లోనా, మనుషుల్లో అయితే ఎంతమందిలో అన్నది మొదటి పేరాలోనే వేయండి. చికిత్సలో ఉన్నవాళ్లు యాంటీ ఆక్సిడెంట్ పేరున్నది ఏది వేసుకున్నా తమ డాక్టరుకు చెప్పి తీరాలని ఆ రంగు బాక్సులో వేయండి. విటమిన్ల జాబితా తీసేస్తే చోటు సరిపోతుంది.

పైన రాసిందంతా నిన్న రాత్రి ఫోన్లో అక్కకు చదివి వినిపించాను. ఇటుకల దగ్గర నవ్వింది, ఎఫ్‌డీఏ దగ్గర ఊఁ అంది. గంటసేపు సూది అనగానే అడ్డం వచ్చింది. “గంటేమిటే, రోజంతా ఎక్కించినా కదలకుండా పడుకునేదాన్ని” అంది. ఆ తర్వాత, “ఆ రెండో ట్రయల్ చేస్తున్నారేమో కనుక్కో” అని పెట్టేసింది.

ఇట్లు,
ఒక పాఠకురాలు
(రిటైర్డ్ ల్యాబ్ టెక్నీషియన్)